ఎవరో అడుగుతున్న పేజీ

ఈమధ్య మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్తూ చిన్నమ్మను కూడా కారులో తీసుకెళ్లాను. ఊరు రాకముందే ఉడికిన వడ్ల వాసన లోపలికి వచ్చింది. రైస్ మిల్లుల పొగగొట్టాలు కనబడేదాకా ఆగనక్కర్లేదు, కళ్లు మూసుకున్నా మిర్యాలగూడ దగ్గరికొచ్చిందని తెలిసిపోతుంది. కారు ఎడమ కాల్వ వంతెన ఎక్కగానే, అంతదాకా పెళ్లికూతురి మేనమామల సంగతులు చెబుతున్న చిన్నమ్మ మాట ఆపేసింది. కాల్వలో నీళ్లు నిండుగా పోతున్నాయి. వంతెన దాటాక, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్లీ అందుకుంది. పెళ్లిలో భోజనాల దగ్గర కూర్చున్నంతసేపూ నా మనసు మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్త రోజుల చుట్టూనే తిరిగింది. ఆ రోజుల గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. చిన్నమ్మను అడిగితే, "రాసుకో, నాకేం" అన్నది.

అప్పట్లో నేను ఒక బీమా కంపెనీ కంప్యూటర్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయిని. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద మెషిన్ హైదరాబాదులో, ఎప్పుడూ చలి వేసే ఒక హాలులో ఉండేది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బ్రాంచుల్లో ఉన్నవి నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు చూపే టెర్మినళ్లు మాత్రమే. ఎవరైనా పాలసీ నంబరు కొడితే అది తీగల వెంట హైదరాబాదు వెళ్లి, జవాబుతో తిరిగొచ్చేది. ఈ జవాబు రావడానికి చాలాసేపు పడుతోందనీ, కౌంటర్ల ముందు జనం తిట్టుకుంటున్నారనీ మా మూడు ఊళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. నీ సొంత ఊరే కదా, అక్కడే కూర్చుని సంగతేమిటో చూడు అని నన్ను సూర్యాపేట ఏరియా ఆఫీసుకు పంపారు. చదువు కోసం వదిలిన ఇంటికి అలా ఉద్యోగం పేరు మీద మళ్లీ వచ్చి పడ్డాను.

ఇంట్లో ఏదీ మారలేదు. నాన్న పెన్‌పహాడ్ బడిలో టీచరు. పొద్దున్నే బస్సు అందుకోవాలి కనుక ఇల్లంతా ఆయన చొక్కా చుట్టూ తిరిగేది. అమ్మ గంజి పెట్టిన చొక్కా మీద నీళ్లు చిలకరించి బొగ్గుల ఇస్త్రీపెట్టె రుద్దుతుంటే వచ్చే ఆ తడి వేడి వాసన, వంటింట్లోంచి వచ్చే పచ్చజొన్న రొట్టె వాసన కలిసి మాకు తెల్లవారేది. ప్రార్థన అయ్యేదాకా ఎవరూ పళ్లెం ముట్టకూడదు. అమ్మమ్మ ప్రార్థన చాలా పొడుగ్గా ఉండేది. బంధువులందరినీ పేరుపేరునా తలచుకునేది. కోదాడలో మా కంపెనీ బ్రాంచిలోనే పనిచేస్తున్న తన చిన్నకూతురు ఎస్తేరు, అంటే మా చిన్నమ్మ, పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గేది. చిన్నమ్మ భర్త సామ్యేలు పేరు దగ్గర పూర్తిగా ఆగేది. బతికున్నవాళ్లలో తలచుకోవాలో, పోయినవాళ్లలో తలచుకోవాలో ఆమెకు తెలియదు. రొట్టెలు చల్లారుతుండేవి.

హైదరాబాదులో నాకు పని నేర్పిన పెద్దాయన మూర్తి గారు. కోస్తా వైపు మనిషి. ఫోనులోనే పాఠాలు చెప్పేవారు.

"మీ ఇంట్లో అటక ఉందా సునీతా?"

"ఉందండీ."

"డిస్కంటే అటక అనుకో. నిచ్చెన వేసుకుని ఎక్కి తేవాలి, టైము పడుతుంది. మెమరీ అంటే పొయ్యి పక్కన గట్టు. డేటా అంతా పేజీలు పేజీలుగా ఉంటుంది. ఎవరన్నా అడిగితే మెషిన్ ఆ పేజీని అటక మీంచి దించి గట్టు మీద పెడుతుంది. మళ్లీ అడిగితే గట్టు మీంచే ఇస్తుంది. గట్టు నిండిందనుకో, అందరికంటే ఎక్కువసేపటి నుంచీ ఎవరూ అడగని పేజీ ఏదో చూసి, దాని చోటు ఇంకోదానికి ఇచ్చేస్తుంది. దానికి ఇష్టాయిష్టాల్లేవమ్మాయ్. అడుగుతుంటే ఉంటుంది, అడగడం మానేస్తే పోతుంది."

"మరి ఆ పేజీలో ఎవరైనా ఏదన్నా మార్చి ఉంటే? మార్పు పోదా అండీ?"

"పోదు. మార్చిన సంగతి ముందు లాగ్ అనే చిట్టాలో రాసేసుకుంటుంది. పేజీని తీరిగ్గా తరవాత డిస్కు మీద రాస్తుంది. ఆ మధ్యలో మాత్రం నిజం మెమరీలో ఉంటుంది. డిస్కు మీద ఉన్నది పాత సంగతే."

ఆ మాట నాకు ఎందుకో నచ్చలేదు. నిజం ఒకచోట ఉండి, రాసి ఉన్నది ఇంకొకటి కావడం, అదీ ఎవరికీ తెలియకుండా. చల్లటి హాలులో ఆ మెషిన్ అలా ఊరుకుని ఉండటం కళ్లముందు కనబడింది.

తెరలు ఎందుకు నెమ్మదించాయో తొందరగానే దొరికింది. పట్టపగలు, బ్రాంచులు తెరిచి ఉన్న వేళలోనే ఎవరో ఒక పెద్ద రిపోర్టు నడుపుతున్నారు. అది పాలసీల పట్టికను, అంటే టేబుల్‌ను, మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. అలా వరసగా చదివేటప్పుడు మెషిన్ రాబోయే పేజీలను కూడా ముందే దించి పెట్టుకుంటుంది. వరద వచ్చినట్టు ఆ పేజీలన్నీ వచ్చి, బ్రాంచుల వాళ్లకు కావలసిన పేజీలను గట్టు మీంచి తోసేస్తున్నాయి. అలాంటి వరస చదువులకు మెమరీలో కొంచెం చోటే దక్కేలా హద్దు పెడితే సరిపోతుందని మూర్తి గారు అన్నారు. ఆ హద్దు ఎంత ఉండాలో తేల్చడానికి నేను మెమరీలో ఏయే పేజీలు ఉంటున్నాయో రోజూ చూడటం మొదలుపెట్టాను. అప్పుడే అది కంటబడింది.

ప్రీమియం కట్టడం ఆగిపోయి, ఏ కదలికా లేని పాలసీలన్నిటినీ ఒక టేబుల్‌లో వేసి, దానికి మెమరీలో విడిగా చిన్న చోటు ఇచ్చారు. వాటిని ఎవరూ అడగరు కనుక. ఆ చోటులో ఒక పేజీ ఎప్పుడు చూసినా ఉండేది. రిపోర్టు వచ్చి అన్నిటినీ తుడిచిపెట్టేది. కాసేపటికి చూస్తే మొట్టమొదట తిరిగొచ్చింది అదే అయ్యుండేది. చచ్చిన పాలసీల మధ్యలో ఒక్క పేజీ పొద్దున్నించి సాయంత్రందాకా మేలుకుని ఉన్నట్టు. ఏదో తప్పు జరుగుతోందనుకుని ట్రేస్ పెట్టాను. అంటే, ఏ టెర్మినల్ నుంచి, ఎవరి పేరు మీద ఏ పేజీని అడుగుతున్నారో మెషిన్ రాసిపెడుతుంది. అడుగుతున్నది కోదాడ బ్రాంచి. లాగిన్ ఎస్తేరుది. మా చిన్నమ్మది. ఆ పేజీలో ఏముందో చూస్తే ఆమె భర్త, మా చిన్నాయన సామ్యేలు పాలసీ కనబడింది.

చిన్నాయనకు కోదాడ బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. మనిషి నెమ్మది. మా ఇంటికి వస్తే ముందు అమ్మమ్మ గోడగడియారం సరిచేసి తర్వాత మంచినీళ్లు తాగేవాడు. ఒక ఆదివారం చర్చి అయ్యాక, షాపులో తనతో పనిచేసే యాదగిరితో కలిసి ఎడమ కాల్వకు ఈతకు వెళ్లాడు. సాయంత్రం యాదగిరి ఒక్కడే తడిబట్టలతో చిన్నమ్మ ఇంటికొచ్చి, "అన్న మునిగిండు" అని గుమ్మంలో కూలబడ్డాడు. గట్టు మీద చిన్నాయన ప్యాంటు, చొక్కా మడత పెట్టి ఉన్నాయి, చెప్పులో వాచీ ఉంది. గజ ఈతగాళ్లు వెతికారు. దిగువ తూముల దగ్గర రోజుల తరబడి కాపలా కాశారు. శవం దొరకలేదు. తర్వాత కొన్నాళ్లకు యాదగిరి తన పెళ్లాం నర్సమ్మను తీసుకుని మిర్యాలగూడ మిల్లులో పనికి వెళ్లిపోయాడు. మా వాళ్లలో చాలామందికి చిన్నాయన చనిపోయినట్టే. చిన్నమ్మకు మాత్రం కాదు.

ట్రేస్ చూసిన వారమే కోదాడ బస్సెక్కి చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. పొద్దున స్కూటర్ చప్పుడుకు మెలకువ వచ్చింది. చిన్నమ్మ వాకిట్లో చిన్నాయన స్కూటర్ కిక్కు కొట్టి, కాసేపు అలాగే నడవనిచ్చి ఆపేసింది. పెట్రోలు పొగ ఇంట్లోకి వచ్చింది. రోజూ చేస్తుందట, లేకపోతే ఇంజను బిగుసుకుపోతుందట. దండెం మీద ఆయన లుంగీ ఉతికి ఆరేసి ఉంది. రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి కుర్చీ దగ్గర పెట్టింది. నేను ఆ కుర్చీలో కూర్చోబోతే, "ఇటు రా సునీ, ఇక్కడ గాలొస్తది" అని నన్ను మెల్లగా పక్కకు తప్పించింది. అందులో పిచ్చితనం ఏమీ కనబడలేదు. అందుకే నాకు భయమేసింది.

"చిన్నమ్మా, చిన్నాయన పాలసీ అన్నిసార్లు ఎందుకు తీస్తున్నవ్?"

"నీకెట్ల తెలుసు?"

"మెషిన్‌ల కనబడతది."

"తప్పా?"

"తప్పేం లేదు. ఊకె అడిగిన."

చాయ్ గ్లాసు కింద పెట్టింది. "రేషన్ కార్డులో కొట్టేశారు. చర్చిలో పోయినవాళ్ల పేర్లలో చదివారు. మొన్న మీ అమ్మ కూడా 'సామ్యేలు ఉన్నప్పుడు' అన్నది. ఆ తెరొక్కటే ఏం అనలేదు సునీ. పేరు పేరులాగే ఉంది. పొద్దున చూస్తానా, మధ్యాహ్నానికి ఎవరన్నా మార్చేశారేమోనని గుండెల్లో దడ పుడతది. మళ్లీ చూస్తా." అక్కడితో ఆగి, "చూస్తున్నంతసేపూ మార్చలేరేమో అనిపిస్తది" అన్నది.

అలా కాదు చిన్నమ్మా అని చెప్పలేకపోయాను. మూర్తి గారు చెప్పిన మెషిన్ కూడా ఇంచుమించు అదే అంటోంది మరి.

ఆ తర్వాత అమ్మమ్మకు కంటి ఆపరేషన్ అయ్యింది. చిన్నమ్మ సెలవు పెట్టి సూర్యాపేట వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం నాకు టిఫిన్ క్యారియర్ తీసుకుని ఆఫీసుకొచ్చింది. కుర్చీ లాక్కుని గిన్నెలు విప్పుతోంది. మామిడికాయ పప్పు వాసన గదంతా కమ్ముకుంది. ఈమె కోదాడలో లేని ఈ కొద్దిరోజుల్లో ఆ పేజీ మెమరీలోంచి పోయే ఉంటుంది, ఒకసారి చూద్దామని మీట నొక్కాను. పేజీ అక్కడే ఉంది. ఎప్పుడో మిగిలిపోయి కాదు, ఇప్పుడే ఎవరో అడిగారు. నేను చూస్తుండగానే మళ్లీ అడిగారు.

"ఏమైంది, అట్ల చూస్తున్నవ్?"

"చిన్నాయన పేజీని ఎవరో అడుగుతున్నరు."

"ఎవరు?"

"తెలుస్తలేదు. నువ్వు ఈడనే ఉన్నవ్ గదా."

విప్పిన గిన్నె మీద మూత మళ్లీ పెట్టింది. "ఆయనే" అన్నది. గుమ్మంలోకి వచ్చినవాళ్లెవరో లోపలివాళ్లకు చెప్పినట్టు, మామూలుగా అన్నది. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి, ఎండ దంచుతోంది.

ట్రేస్ పెడితే ఈసారి వచ్చింది మిర్యాలగూడ బ్రాంచి. నేను వెళ్లి కనుక్కుంటానంటే చిన్నమ్మ వినలేదు. మరునాడే ఇద్దరం బస్సులో బయల్దేరాం. ఆమె మంచి చీర కట్టుకుంది, తలలో పూలు పెట్టుకుంది. అన్నాళ్లలో ఆమె తలలో పూలు చూడటం అదే మొదటిసారి. ఉడికిన వడ్ల వాసన బస్సులోకి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

బ్రాంచిలో ఆ టెర్మినల్ ముందు ఒక గుమస్తా ఉన్నాడు. సామ్యేలు పాలసీ ఎవరి కోసం చూస్తున్నారని అడిగాను. అతను బిత్తరపోయాడు.

"సామ్యేలా? ఆ పేరే నేనెన్నడు తియ్యలే మేడం."

"తీస్తున్నట్టు మెషిన్‌లో ఉంది."

"లేదు మేడం, ఒట్టు. నేను రోజూ చూసేది యాదగిరి అని ఒకాయనది. అగో, ఆ బెంచీ మీద ఉన్నామె పెనిమిటి. మిల్లుల చేస్తుంటే పోయిండు. ఆయన కట్టిన పైసల కోసం రోజూ వస్తది, ఏమన్న అయిందా సారూ అని అడుగుతది. ఆమె ముందర ఊకె తీసి సూపిస్త."

అప్పుడు అర్థమైంది. ఒక పేజీలో ఒక్క మనిషే ఉండడు. పక్కపక్క నంబర్లవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎవరిని అడిగినా మెషిన్ కదిలించేది మొత్తం పేజీని. షాపు నడిచిన రోజుల్లో చిన్నమ్మ ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర చిన్నాయన చేతా యాదగిరి చేతా పాలసీలు తీయించింది. నంబర్లు పక్కపక్కన పడ్డాయి. ఇద్దరూ ఒకే పేజీలోకి చేరారు. ఇంతకాలం ఆమె ఇటు నుంచి ఒకరిని పిలుస్తుంటే ఇంకొకరు కూడా లేచి కూర్చుంటున్నారు. ఇప్పుడు అటు నుంచి యాదగిరిని పిలుస్తుంటే చిన్నాయన లేస్తున్నాడు. ఇదంతా చిన్నమ్మకు ఎలా చెప్పాలా అని నేను తిరిగేసరికి ఆమె అప్పటికే బెంచీ వైపు చూస్తోంది. బెంచీ మీది మనిషి లేచి నిలబడింది.

"ఎస్తేరక్కా" అన్నది నర్సమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ యాదగిరి గురించి మాట్లాడుకున్నారు. బస్తాలు మోస్తూ మోస్తూ ఛాతీ పట్టుకుని పడిపోయాడట, దవాఖానలో ఒక పూట మాత్రం తెలివి వచ్చిందట.

"గప్పుడు నాకు ఒక ముచ్చట చెప్పిండక్కా. నీ తానకి వచ్చి చెప్పుమన్నడు. నాకు కాళ్లు రాలె."

"చెప్పు."

"సామ్యేలన్న మునగలేదంట. ఈదుకుంట అవతలి గట్టెక్కిండంట. గాడ తుమ్మచెట్టు కింద ఇంకో జత బట్టలు ముందుగాలనే పెట్టుకున్నడంట. అవి తొడుక్కొని ఇటు తిరిగిండంట. మా ఆయన దిక్కు సూసి, గిట్ల నోటి మీద ఏలు పెట్టిండంట. ఎనక్కి సూడకుంట నడిసి పోయిండంట. మా ఆయనకు భయమైంది అక్కా. ఊకుండిపోయిండు. ఆ ఊళ్లె ఉంటే నీకు ఏడ చెప్పేస్తనో అని ఈడికొచ్చిండు."

బ్రాంచిలో ఫ్యాను తిరుగుతోంది. చిన్నమ్మ ముఖంలో ఏడుపు రాలేదు, కోపం రాలేదు.

"ఏం చొక్కా?"

నర్సమ్మకు అర్థం కాలేదు. "ఏందక్కా?"

"అవతల తొడుక్కున్నది. ఏం చొక్కా?"

"నీలం గీతలదన్నడు."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "ఆ చొక్కా కనబడక బట్టలుతికే మల్లమ్మతో కొట్లాడిన సునీ. పోగొట్టినవని ఆమెను అనరాని మాటలన్న. ఆయన నా పక్కనే నిలబడి, మంచిగ యాది తెచ్చుకో మల్లమ్మా అని నాతోపాటు అడిగిండు."

ఆ మాట విన్నప్పుడు కలిగినంత భయం నాకు ముందూ తర్వాతా ఎప్పుడూ కలగలేదు. నీళ్లలో మునిగినవాడికంటే, గుమ్మంలో ఆమె పక్కన నిలబడి మెల్లగా మాట్లాడుతున్న ఆ నెమ్మదైన మనిషి నన్ను ఎక్కువ భయపెట్టాడు. మా అమ్మమ్మ గడియారం సరిచేసిన చేతులు ఆయనవి. ఎందుకు వెళ్లాడో, ఎక్కడికి వెళ్లాడో, ఇంకెవరైనా ఉన్నారో, ఈనాటికీ మాకు తెలియదు. యాదగిరి జ్వరంలో పలవరించి ఉంటాడని అమ్మ అన్నది. ఆ చొక్కా సంగతి తెలిశాక అమ్మ కూడా ఆ మాట అనడం మానేసింది.

తిరిగి వస్తూ ఆ రాత్రికి చిన్నమ్మతోపాటు కోదాడలోనే ఉండిపోయాను. తెల్లవారి నాకు మెలకువ ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో లేచి కూర్చున్నాక గానీ తెలియలేదు. వాకిట్లో స్కూటర్ చప్పుడు కాలేదు. చిన్నమ్మ చాయ్ గ్లాసుతో ఆ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది. "లేచినవా? రొట్టెలున్నయ్, తిను" అన్నది.

ఆ తర్వాత ఆమె ఆ పాలసీ మళ్లీ తీయలేదు. నర్సమ్మకు పాలసీ డబ్బు అందేదాకా పేజీ ఉంటూ వచ్చింది. ఆమె పని అయిపోయింది. అప్పటికి రిపోర్టుకు హద్దు పెట్టేశాం. బ్రాంచుల్లో తెరలు చకచకా వస్తున్నాయి, నన్ను హైదరాబాదు రమ్మన్నారు. వెళ్లేముందు ఒక మధ్యాహ్నం చూస్తే ఆ పేజీ లేదు. దాని చోటులో ఎవరిదో ఇంకో పేజీ ఉంది. నంబరు కొడితే క్షణంలో తిరిగొస్తుంది. వేళ్లు మీటల మీదే ఉన్నాయి. కొట్టలేదు. నేను కొడితే ఆయన ఎక్కడో తల తిప్పి చూస్తాడేమోననిపించింది.

ఇప్పుడు మెషిన్లకు మెమరీ కరువు లేదు. టేబుళ్లకు టేబుళ్లే తెచ్చి మెమరీలో పెట్టేసి, కదలకుండా కట్టేస్తున్నారు. ఎవరూ అడగకపోయినా అన్నీ అక్కడే ఉంటాయి. మా కాలంలో మెషిన్ గట్టు చిన్నది కాబట్టి ఎవరినో ఒకరిని తీసెయ్యక తప్పేది కాదు. అదొక లోటని అప్పుడు అనుకునేవాళ్లం, రాత్రింబవళ్లు దాంతోనే కుస్తీ పట్టాం. ఈమధ్య నా ఫోను చెప్పాపెట్టకుండా పోయినవాళ్ల ఫొటోలు తెచ్చి ముందు పెడుతుంటే, ఆ పాత మెషిన్ పద్ధతిలో కొంత దయ ఉందేమో అనిపిస్తోంది. మనుషులకూ ఆ వెసులుబాటు ఉంటే బాగుండేది. చిన్నమ్మ అడగడం మానేసింది, మరిచిపోయిందని మాత్రం నేననుకోను.

మనిషి కనబడకుండా పోయి ఏడేళ్లు దాటితే చట్టం అతన్ని చనిపోయినట్టే లెక్కవేస్తుంది. ఆ గడువు దాటినప్పుడు చిన్నమ్మ ఇంకా కోదాడ బ్రాంచిలోనే పనిచేస్తోంది. వాళ్ల మేనేజరు మంచివాడు. చిన్నాయన పాలసీ డబ్బు ఇప్పించడానికి కాగితాలన్నీ తనే సిద్ధం చేసి, ఆమెను గదిలోకి పిలిచి, ముందు పెట్టాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"ఆయన చనిపోయినట్టు ఇక్కడొక సంతకం పెట్టండి ఎస్తేరు గారూ. మిగతాదంతా నేను చూసుకుంటా."

చిన్నమ్మ ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. తిరిగి బల్ల మీద పెట్టి, అటువైపు జరిపింది.

"ఆయన చనిపోలేదు సార్. నన్ను వదిలేసి వెళ్లిపోయాడు. దానికి మీ దగ్గర ఏదన్నా కాగితముంటే ఇవ్వండి, సంతకం పెడతా."